ఈ పైథాన్ ఎవరిది?

(డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరును అలాగే ఉంచాం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

స్లయిడ్లేమీ తేలేదు. తెర మీద ఒక్క ఎర్రర్ మెసేజ్ పెట్టాను, ఈ ముప్పావుగంటకి అది చాలు. మీలో చాలామందికి పాత పరిచయమే. "ఎర్రర్: ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్." డాకర్‌ఫైల్‌లో, అంటే కంటైనర్ ఇమేజ్ ఎలా కట్టాలో రాసుకునే ఫైల్‌లో, పునాదిగా తీసుకునే బేస్ ఇమేజ్ వెర్షన్ ఒక్కటి పెంచారు, ఇంకో అక్షరం ముట్టుకోలేదు. నిన్నటిదాకా బుద్ధిగా పైథాన్ ప్యాకేజీలు దించిన పిప్ ఇన్‌స్టాల్ లైన్ ఇవాళ మొరాయించి కూర్చుంది. ఇది ఎదురైనవాళ్లు చెయ్యెత్తండి. సగానికి పైనే ఉన్నారు. అలాగే ఉంచండి. ఆ మెసేజ్‌ని వెతికి, మొదట కనిపించిన జవాబుని తెచ్చి అతికించి, బిల్డ్ పచ్చబడగానే లంచ్‌కి వెళ్లిపోయినవాళ్లు మాత్రమే ఉంచండి. "డాష్ డాష్ బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్." (నవ్వులు) ఒక్క చెయ్యీ దిగలేదు. మొహమాటం వద్దు, నాది కూడా లేచే ఉంది.

ఆ ఫ్లాగ్ పేరు చూడండి. సిస్టమ్ ప్యాకేజీల్ని పాడుచెయ్యి, పర్లేదు, అని మనమే రాసిస్తున్నాం. ఇంత మొహం మీద చెప్పే ఫ్లాగ్ పిప్‌లో ఇంకోటి లేదు. అయినా మన చెయ్యి వణకదు. ఎందుకంటే మనసులో ఒక మాట నడుస్తుంటుంది: "కంటైనరే కదా." మన లాప్‌టాప్ కాదు, ప్రొడక్షన్ సర్వర్ కాదు, పాడైతే పారేసి ఇంకోటి కట్టుకుంటాం. ఈ "కంటైనరే కదా" అన్న మాట గురించే నా గొడవంతా. అది అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగమే మనల్ని ముంచుతుంది.

ముందు ఆ నిజమైన సగానికి న్యాయం చేద్దాం. ఒక్కో ప్రాజెక్టు ప్యాకేజీల్ని విడిగా ఉంచే సాధనం వర్చువల్‌ఎన్వ్ 2007లో వచ్చింది. దాన్ని పైథాన్ లోపలికే తెస్తూ పెప్ 405 (పెప్ అంటే పైథాన్‌లో మార్పుల ప్రతిపాదన) రాశారు, 2012లో పైథాన్ 3.3తో వెన్వ్ మనకి చేతికొచ్చింది. ఎందుకు పుట్టింది? ఒకే మెషీన్, దాని మీద పది ప్రాజెక్టులు. ఒకదానికి వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో పాతది కావాలి, ఇంకోదానికి కొత్తది కావాలి. గ్లోబల్‌గా ఒక్కటే ఉంటుంది. అందుకని గదులు కట్టుకున్నాం. ఆ మరుసటి ఏడే, 2013 మార్చిలో, సాలమన్ హైక్స్ డాకర్‌ని మొట్టమొదటిసారి బయటి జనానికి చూపించాడు. ఎక్కడో తెలుసా? పైథాన్‌వాళ్ల సమావేశం పైకాన్‌లో. లైట్నింగ్ టాక్‌లో. అంటే కంటైనర్లు జనంలోకి వచ్చిందే పైథాన్‌వాళ్ల ముందు నుంచి. ఇన్నేళ్లయింది, "కంటైనర్‌లో వెన్వ్ కావాలా వద్దా" అన్న చోట మనం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం.

వద్దనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. ఒక ప్రాజెక్టుకి ఒక కంటైనర్ ఇచ్చాక, ఇల్లే విడిగా ఉన్నాక, అందులో మళ్లీ గది ఎందుకు? మంచి ప్రశ్న. నేను కూడా చాలా ఏళ్లు ఇదే వాదించాను, గట్టిగానే.

అయితే ఆ ఇంట్లో మనం ఒక్కళ్లమే ఉన్నామా?

కంటైనర్ మనల్ని హోస్ట్ నుంచి, అంటే అది నడిచే మెషీన్ నుంచి వేరు చేస్తుంది, పక్క కంటైనర్ల నుంచి వేరు చేస్తుంది. లోపల మనతో పాటు ఇంకొకరు కాపురముంటున్నారు, వాళ్ల నుంచి మాత్రం వేరు చెయ్యదు. ఎవరు? డిస్ట్రో, అంటే లినక్స్ డిస్ట్రిబ్యూషన్. డెబియన్, ఉబుంటు, ఆల్పైన్, ఫెడోరా, ఏదో ఒకటి. దానికి సొంత ప్యాకేజీ మేనేజర్ ఉంది, సొంత లెక్కల పుస్తకం ఉంది. ఏ ఫైలు ఎవరు పెట్టారో అందులో రాసుకుంటుంది. డెబియన్ ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్‌తో పైథాన్3 తెచ్చుకున్నారనుకోండి, ఆ పైథాన్ మీది కాదు. డెబియన్‌ది. మీరు అద్దెకుంటున్నారు. డెబియన్ తన పనులు కొన్ని ఆ పైథాన్‌తోనే చేయించుకుంటుంది. రెడ్‌హ్యాట్ వైపు ఇది ఇంకా సున్నితం. అక్కడి ప్యాకేజీ మేనేజర్ యమ్ పైథాన్‌లో రాసిందే, దాని తర్వాత వచ్చిన డీఎన్ఎఫ్ కూడా ఐదో వెర్షన్‌లో సీ ప్లస్ ప్లస్‌కి మారేదాకా పైథానే. అక్కడ సిస్టమ్ పైథాన్‌ని చెడగొడితే, బాగుచేసే ప్యాకేజీని తెచ్చుకునే దారే మూసుకుపోతుంది. ఎక్కిన కొమ్మనే నరుక్కోవడమంటే ఇదే. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్, అదే ఆర్‌హెచ్ఈఎల్ 8లో అయితే సిస్టమ్ పనులకని "ప్లాట్‌ఫామ్ పైథాన్" పేరుతో ఒకదాన్ని యూఎస్ఆర్ లిబ్‌ఎక్సెక్‌లో పక్కకి దాచిపెట్టారు. మన ధాటికి భయపడే.

ఇక తెర మీది మెసేజ్‌కి వద్దాం. దాని వెనక ఉన్నది పెప్ 668. 2021లో మొదలుపెట్టారు. పిప్ 23.0లో అమలైంది, అది 2023 జనవరి. ఆ ఏడాదే ఉబుంటు 23.04, జూన్‌లో డెబియన్ 12, డిసెంబర్‌లో ఆల్పైన్ 3.19, అందరూ వరసగా పెట్టేశారు. అందుకే ఎవరు బేస్ ఇమేజ్ పెంచితే వాళ్లకి ఆ రోజు తగిలింది.

లోపల జరిగేది వింటే "ఇంతేనా" అంటారు. పిప్ మొదలవగానే తను వెన్వ్‌లో ఉందా అని చూసుకుంటుంది. సిస్ డాట్ ప్రిఫిక్స్, సిస్ డాట్ బేస్ ప్రిఫిక్స్ రెండూ ఒకటే అయితే వెన్వ్‌లో లేనట్టు. వెన్వ్‌లో లేనని తేలితే, పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీ ఉన్న డైరెక్టరీలో "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అనే పేరున్న ఫైలు కోసం చూస్తుంది. పేరంతా పెద్దక్షరాల్లో ఉంటుంది. ఫైలు కనిపిస్తే అందులో డిస్ట్రో రాసిపెట్టిన సందేశం మీ మొహాన చదివి ఆగిపోతుంది. అంతే. పర్మిషన్లు లేవు, కెర్నెల్ అడ్డుకోవడం లేదు. ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. దాన్ని తాళం అనుకోకండి, హద్దురాయి అనుకోండి. "ఇటు నాది" అని డిస్ట్రో పాతిన రాయి. దాటితే పట్టుకునేవాడెవడూ లేడు. దాటాక వచ్చే తగాదా మాత్రం మీదే.

ఆ తగాదా ఎలా ఉంటుందో నాకు జరిగింది చెప్తాను. సంస్థ పేరు అడగకండి.

డెబియన్ 12 మీద కట్టిన ఇమేజ్. ఆప్ట్ నుంచే పైథాన్3, ఆప్ట్ నుంచే పిప్. అందులో మా వెబ్ యాప్ నడుస్తుంది. దాంతో పాటే రాత్రిపూట డేటాబేస్ డంప్ తీసి క్లౌడ్ స్టోరేజ్‌కి ఎక్కించే చిన్న స్క్రిప్ట్ కూడా అదే కంటైనర్‌లో ఉంది. వేరే కంటైనర్‌లో ఉండాల్సింది, ఒప్పుకుంటా, ఆ పంచాయితీ ఇంకోరోజు. ఎక్కించే సాధనం కూడా ఆప్ట్ నుంచి వచ్చిందే, పైథాన్‌లో రాసిందే. బిల్డ్ ఆగింది, మేం ఆ ఫ్లాగ్ పెట్టాం, బిల్డ్ పోయింది, యాప్ లేచింది, టెస్టులన్నీ పాస్. తొమ్మిది రోజుల తర్వాత మా సహోద్యోగి ఒకామె ఏదో పాత డంప్ కావాలని స్టోరేజ్ తెరిచింది. చివరి ఫైలు తేదీ చూసి, కుర్చీ నాకేసి తిప్పి, "మనం బ్యాకప్‌లు మానేశామా?" అని అడిగింది.

మానెయ్యలేదు. రోజూ రాత్రి స్క్రిప్ట్ లేస్తోంది, ఇంపోర్ట్ దగ్గరే కూలిపోతోంది. అవుట్‌పుట్ అంతా, ఏది పడినా మింగేసే డెవ్ నల్‌లోకి పోతోంది, అది నేను రాసిన లైనే. చేత్తో నడిపి చూస్తే ఇంపోర్ట్ ఎర్రర్: నెట్ మీద డేటా పంపే లైబ్రరీ యూఆర్ఎల్‌లిబ్3లో "డిఫాల్ట్ సైఫర్స్" అన్న పేరు దొరకడం లేదు అని. యూఆర్ఎల్‌లిబ్3 2023లో రెండో వెర్షన్‌కి వెళ్లినప్పుడు ఆ పేరుని తీసేశారు. డెబియన్ 12లో ఉన్నది 1.26. ఆ సాధనం 1.26 మీద కట్టింది. మా యాప్ రిక్వైర్‌మెంట్స్‌లో రెండో వెర్షన్ ఉంది.

పాత బిల్డ్ లాగ్ తెరిచాం. పిప్ అంతా చెప్పింది పాపం. "ఫౌండ్ ఎగ్జిస్టింగ్ ఇన్‌స్టలేషన్, యూఆర్ఎల్‌లిబ్3 1.26. నాట్ అన్‌ఇన్‌స్టాలింగ్, అవుట్‌సైడ్ ఎన్విరాన్‌మెంట్. కాంట్ అన్‌ఇన్‌స్టాల్, నో ఫైల్స్ వర్ ఫౌండ్." తర్వాత "సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్." ఆ చివరి లైనే మనం చదువుతాం.

దీని అర్థం ఏమిటో చూడండి, ఇది ఒక్కటి మనసులో ఉంటే మిగతాదంతా తేలిక. డెబియన్‌లో రెండు పెట్టెలున్నాయి. ఆప్ట్ పెట్టేవి యూఎస్ఆర్ లిబ్ పైథాన్3 డిస్ట్ ప్యాకేజెస్‌లోకి వెళ్తాయి. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, పిప్ పెట్టేవి యూఎస్ఆర్ లోకల్ లిబ్ పైథాన్ 3.11 డిస్ట్ ప్యాకేజెస్‌లోకి. డెబియన్‌వాళ్లు తమ పిప్‌ని ఆప్ట్ పెట్టెని ముట్టుకోకుండా సవరించారు కాబట్టి అది పాత యూఆర్ఎల్‌లిబ్3ని తియ్యలేదు. జాగ్రత్తపరుడే. అయితే పైథాన్ ఇంపోర్ట్ కోసం వెతికే వరసలో యూఎస్ఆర్ లోకల్ ముందుంటుంది. కాబట్టి అదే పైథాన్‌తో నడిచే ప్రతివాడికీ, డెబియన్ సొంత సాధనానికి కూడా, మన రెండో వెర్షనే ముందు కనిపిస్తుంది. ఫైళ్లేవీ చెడలేదు. పాతది ఉన్నచోటే ఉంది. దాని ముందు మనం నిలబడ్డాం, అంతే.

ఇంకో రకం తగాదా ఉంది. చాలా డాకర్‌ఫైళ్లలో మొదటి పని ఏమిటి? పిప్‌ని పిప్‌తోనే అప్‌గ్రేడ్ చెయ్యడం. అలా చేస్తే డెబియన్ సవరించిన పిప్ స్థానంలో మామూలు పిప్ వస్తుంది. దానికి ఆ జాగ్రత్త తెలీదు, ఆప్ట్ పెట్టిన ప్యాకేజీని తియ్యబోతుంది. అక్కడ "రికార్డ్" ఫైలు ఉండదు, ఏ ఫైళ్లు దానివో తెలీదు, ఆగిపోతుంది: "కెనాట్ అన్‌ఇన్‌స్టాల్, రికార్డ్ ఫైల్ నాట్ ఫౌండ్, ద ప్యాకేజ్ వాజ్ ఇన్‌స్టాల్డ్ బై డెబియన్." అప్పుడు జనం "ఇగ్నోర్ ఇన్‌స్టాల్డ్" తగిలిస్తారు. ఫ్లాగ్ మీద ఫ్లాగ్. ఏ డాకర్‌ఫైల్‌లో ఈ రెండు ఫ్లాగులూ పక్కపక్కన కనిపించినా, అక్కడ ఎవరో ఒక సాయంత్రం ఏడ్చారని అర్థం.

మరి గ్లోబల్‌గా పెట్టడం తప్పా? కాదు. పైథాన్ ఎవరిదో చూసుకుని పెట్టమంటున్నాను.

డాకర్ హబ్‌లో అధికారిక పైథాన్ ఇమేజ్ ఉంది కదా, "ఫ్రమ్ పైథాన్ 3.12 స్లిమ్" అని రాస్తుంటాం. కింద ఉన్నది డెబియనే. కానీ ఆ పైథాన్ డెబియన్‌ది కాదు. సోర్స్ నుంచి కంపైల్ చేసి యూఎస్ఆర్ లోకల్‌లో పెట్టారు. ఆప్ట్‌కి దాని ఊసే తెలీదు. దాని ప్యాకేజీలుండే సైట్ ప్యాకేజెస్ డైరెక్టరీ తెరిస్తే దాదాపు ఖాళీ. 3.12 నుంచి ప్యాకేజీలు కట్టే సాధనాలు సెటప్‌టూల్స్, వీల్ కూడా తీసేశారు, పిప్ మాత్రం ఉంటుంది. హద్దురాయి లేదు. ఎందుకుంటుంది, హద్దుకి అటువైపు ఎవరూ లేరుగా. ఇది మీకోసమే కట్టిన ఇల్లు. ఇక్కడ పిప్ ఇన్‌స్టాల్ నేరుగా చేసుకోండి. ఇందులో మళ్లీ వెన్వ్ పెట్టలేదని రివ్యూలో ఎవరైనా వేలెత్తితే, కారణం అడగండి. "బెస్ట్ ప్రాక్టీస్" అన్న రెండు మాటలు తప్ప ఇంకేం రాకపోతే మర్జ్ చేసేయండి.

రూట్‌గా పిప్ నడుపుతున్నారని ఒక పసుపు హెచ్చరిక వస్తుంది, 2021లో పిప్ 21.1తో మొదలైంది. ఈ ఇమేజ్‌లో దానికి అర్థం లేదు. 22.1 నుంచి "రూట్ యూజర్ యాక్షన్ ఇగ్నోర్" అని చెప్పి దాన్ని ఊరుకోబెట్టొచ్చు. నిజానికి ప్యాకేజీలు రూట్ పేరు మీద ఉండి, యాప్ మాత్రం మామూలు యూజర్‌గా నడిస్తే మంచిది. యాప్‌లోకి ఎవడైనా చొరబడినా లైబ్రరీ కోడ్‌ని తిరగరాయలేడు. చదవగలడు, రాయలేడు.

ఈ ఇమేజ్‌లో కూడా బోల్తా కొట్టే చోటు ఒకటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడే సైకోపీజీ2 కంపైల్ కాలేదు, జీసీసీ కంపైలర్ లేదంటోంది. మనం తెలివిగా ఏం చేస్తాం? ఆప్ట్‌లో రెడీమేడ్‌గా ఉందిగా, "ఆప్ట్ గెట్ ఇన్‌స్టాల్ పైథాన్3 సైకోపీజీ2." చక్కగా దిగింది. పైథాన్ తెరిచి ఇంపోర్ట్ చేస్తే "మాడ్యూల్ నాట్ ఫౌండ్." దించింది కళ్లముందే కదా! దిగింది, ఇంకో పైథాన్‌కి. ఆ ప్యాకేజీ డెబియన్ పైథాన్ మీద ఆధారపడింది కాబట్టి ఆప్ట్ దాన్ని కూడా మీకు తెలీకుండా వెంటబెట్టుకొచ్చింది. ఇప్పుడు మీ స్లిమ్ ఇమేజ్‌లో రెండు పైథాన్లు. ఒకటి యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో మీది, ఒకటి యూఎస్ఆర్ బిన్‌లో డెబియన్‌ది. ఒకదాని సామాను ఇంకోదానికి కనపడదు. స్లిమ్ కాని పెద్ద ఇమేజ్ తీసుకుంటే ఈ రెండో పైథాన్ ముందునుంచే ఉంటుంది. అందులో మెర్క్యూరియల్ అనే వెర్షన్ కంట్రోల్ సాధనం ఉంది, దానికి పైథాన్ కావాలి. "విచ్ డాష్ ఏ పైథాన్3" కొట్టి చూడండి, రెండు పైథాన్ల దారులూ చూపిస్తుంది.

సరే, వెన్వ్. ఇప్పటిదాకా విన్నవాళ్లకి నేను వెన్వ్‌కి శత్రువునని అనిపించి ఉంటుంది. కాదు. నా ఇమేజ్‌లలో సగం వాటిలో ఉంది. విడదియ్యడానికి కాదు, మోసుకెళ్లడానికి.

2017లో డాకర్ 17.05తో మల్టీ స్టేజ్ బిల్డ్ వచ్చింది. మొదటి స్టేజ్‌లో కంపైలర్లు, హెడర్లు, చెత్తాచెదారం అంతా ఉంచుకుని వీల్స్, అంటే నేరుగా దించుకోగల ప్యాకేజీలు, కట్టుకుంటాం. రెండో స్టేజ్‌లోకి కట్టిన సరుకు మాత్రమే తీసుకెళ్తాం. గ్లోబల్‌గా పెట్టి ఉంటే ఏం తీసుకెళ్లాలి? సైట్ ప్యాకేజెస్ ఒక్కటీ కాపీ చేస్తారు. కంటైనర్ లేస్తుంది, యాప్‌ని నడిపే వెబ్ సర్వర్ గురించి "గునికార్న్ నాట్ ఫౌండ్" అంటుంది. ఎందుకంటే ఆ కమాండ్ యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో ఉండిపోయింది. సరే బిన్ కూడా, షేర్‌లో ఏదో ఉందట అది కూడా, ఇలా ఒక్కొక్కటే ఏరుకుంటూ పోవాలి. వెన్వ్ అయితే అంతా ఒకే డైరెక్టరీ. ఆప్ట్ వెన్వ్ అని పెట్టుకున్నామనుకోండి, ఇక్కడ ఆప్ట్ అంటే ఓపీటీ, ప్యాకేజీ మేనేజర్ కాదు, (నవ్వులు) తెలుగులో రెండూ ఒకేలా వినిపిస్తాయి, ఏం చెయ్యను. ఆ డైరెక్టరీని ఒక్క కాపీ లైన్‌తో దించుకోవచ్చు. మూట కట్టినట్టు.

అయితే మూటకి ఒక షరతుంది. వెన్వ్‌లో ఉన్నది పైథాన్ కాదు. అసలు పైథాన్‌కి ఒక సింబాలిక్ లింక్. మొదటి స్టేజ్‌లో యూఎస్ఆర్ లోకల్ బిన్ పైథాన్‌తో కట్టారు, రెండో స్టేజ్‌కి చిన్నదిగా ఉంటుందని డెబియన్ మీద ఆప్ట్ పైథాన్ పెట్టుకున్న ఇమేజ్‌నో, డిస్ట్రో సామాను దాదాపు లేని డిస్ట్రోలెస్ ఇమేజ్‌నో తీసుకున్నారు. అక్కడ పైథాన్ యూఎస్ఆర్ బిన్‌లో ఉంది. కంటైనర్ లేపితే వచ్చే మెసేజ్ చూస్తే బుర్ర తిరుగుతుంది: "ఎగ్జిక్, వెన్వ్ బిన్ గునికార్న్, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ." ఎల్ఎస్ కొడితే ఫైలు కళ్లెదురుగా ఉంది! లేనిది గునికార్న్ కాదు. గునికార్న్ ఫైలు మొదటి లైన్‌లో, ఆ హ్యాష్ ఆశ్చర్యార్థకం గుర్తుల పక్కన, పైథాన్ దారి పూర్తిగా రాసి ఉంటుంది. ఆ దారి వెంట వెళ్తే లింక్, లింక్ వెంట వెళ్తే శూన్యం. కెర్నెల్ లేదన్నది దాన్ని. నేనోసారి దీని మీద ఒక మధ్యాహ్నం తగలేశాను. రెండు స్టేజ్‌లకీ పైథాన్ ఒకే చోట, ఒకే వెర్షన్‌లో ఉండాలి, వెన్వ్ కూడా ఒకే దారిలో ఉండాలి. బిల్డర్‌లో యాప్ వెన్వ్ అని కట్టి రన్‌టైమ్‌లో ఓపీటీ వెన్వ్‌లో దించితే ఆ మొదటి లైన్లన్నీ పాత చిరునామానే పట్టుకుని ఉంటాయి.

వెన్వ్‌ని షెల్‌లో వాడుకలోకి తెచ్చే యాక్టివేట్ సంగతి త్వరగా చెప్పేస్తా. డాకర్‌ఫైల్ రన్ లైన్‌లో "సోర్స్ యాక్టివేట్" రాస్తే డెబియన్ ఇమేజ్‌లో ముందు "సోర్స్ నాట్ ఫౌండ్" అంటుంది, అక్కడి ఎస్‌హెచ్‌ డాష్ అనే షెల్ కాబట్టి. బాష్ పెట్టి దాన్ని దాటినా లాభం లేదు. ప్రతి రన్ లైనూ కొత్త షెల్. ఈ లైన్‌లో యాక్టివేట్ చేసింది తర్వాతి లైన్‌కి గుర్తుండదు. యాక్టివేట్ చేసే అసలు పని, కమాండ్ల కోసం వెతికే దారుల జాబితా "పాత్" ముందు వెన్వ్ బిన్‌ని చేర్చడం. ఆ పని డాకర్‌ఫైల్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టే ఎన్వ్ లైన్ ఒక్కటి రాస్తే అయిపోతుంది.

యూజర్ ఇన్‌స్టాల్ జోలికి మాత్రం పోకండి. రూట్‌గా ఉండి "డాష్ డాష్ యూజర్" అంటే ప్యాకేజీలు రూట్ హోమ్‌లోని డాట్ లోకల్‌లోకి వెళ్తాయి. కిందికొచ్చి యూజర్‌ని మారుస్తారు. డెబియన్‌లో రూట్ హోమ్ పర్మిషన్ 700, అంటే యజమానికి తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. మామూలు యూజర్ గుమ్మం కూడా దాటలేడు. బిల్డ్‌లో అన్నీ ఉన్నాయి, రన్‌లో ఏవీ లేవు.

ఈమధ్య పిప్ బదులు యూవీ అనే సాధనానికి మారినవాళ్లు ఎంతమంది? చాలామందే. దాన్ని ఆస్ట్రల్ అనే కంపెనీవాళ్లు 2024 ఫిబ్రవరిలో వదిలారు, వేగానికి నేనూ పడిపోయాను. అది స్వతహాగా వెన్వ్ ఉండాలంటుంది, గ్లోబల్‌గా కావాలంటే "యూవీ పిప్ ఇన్‌స్టాల్ డాష్ డాష్ సిస్టమ్" అని నోరు తెరిచి అడగాలి. మంచి మర్యాద అది. కంటైనర్‌లో దానితో చూసుకోవాల్సినవి రెండు. పిప్ ఇన్‌స్టాల్ చేస్తూనే బైట్‌కోడ్ కంపైల్ చేసి పెడుతుంది, యూవీ మామూలుగా చెయ్యదు. ఇందాక చెప్పానే, యాప్ మామూలు యూజర్‌గా నడుస్తుంది, ప్యాకేజీలు రూట్‌వి అని. అప్పుడు పైథాన్ ఆ బైట్‌కోడ్ ఉండే పైసీ ఫైళ్లు రాసుకోలేదు. కంటైనర్ లేచిన ప్రతిసారీ మొత్తం లైబ్రరీలని మళ్లీ కంపైల్ చేసుకుంటుంది. బిల్డ్‌లో మిగిల్చిన క్షణాలు ప్రతి స్టార్ట్‌లోనూ కట్టుకుంటున్నట్టు. "యూవీ కంపైల్ బైట్‌కోడ్" ఒకటి అని పెట్టండి. రెండోది, యూవీ సింక్. ప్రాజెక్టుకి కావలసిన ప్యాకేజీల జాబితా లాక్ ఫైల్, అందులో లేని ప్యాకేజీల్ని అది తీసేస్తుంది, దాని ధర్మం అది. దాన్ని తెచ్చి డిస్ట్రో పైథాన్ మీద వదిలితే డిస్ట్రో సామాను కూడా అక్కర్లేనిదే అనుకుంటుంది.

నా మాట అయిపోయింది, ఇక మీరడగండి.

ప్రశ్న: పిప్ బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అని ఎన్వ్‌లో ఒకసారి పెట్టేస్తే ప్రతి లైన్‌లో రాయక్కర్లేదు కదండీ?

రాయక్కర్లేదు, నిజమే. కానీ ఎన్వ్ ఇమేజ్‌లో ఉండిపోతుంది. రేపు మీ ఇమేజ్ మీద ఇంకో టీమ్ తమ ఇమేజ్ కడుతుంది, వాళ్లకి హద్దురాయే కనపడదు. రన్నింగ్ కంటైనర్‌లోకి దూరి డీబగ్ చేసేవాడికీ కనపడదు. తప్పదనుకుంటే ఆ ఒక్క రన్ లైన్‌లో రాయండి, పక్కన ఎందుకో ఒక కామెంట్. చదివినవాడు మిమ్మల్ని తిట్టుకునే అవకాశమైనా ఉండాలి.

ప్రశ్న: మేము ఆ ఫైలునే డిలీట్ చేస్తున్నాం. పెప్‌లోనే కంటైనర్లకి తీసెయ్యొచ్చని ఉందన్నారు?

ఉంది. మీరు చదివారు, సంతోషం. ఒకే యాప్ నడిపే కంటైనర్ ఇమేజ్‌లు తయారుచేసే డిస్ట్రోలు ఆ ఫైలు తీసెయ్యాలనీ, ప్యాకేజీ అప్‌డేట్లలో అది తిరిగి రాకుండా చూడాలనీ పెప్ 668లోనే రాశారు. నా వాదనకి ఎదురుగా నిలబడే గట్టి మాట ఇదే, దాచను. చిక్కేమిటంటే, డెబియన్ బేస్ ఇమేజ్‌లో అసలు పైథాన్ ఉండదు. మీరు ఆప్ట్‌తో పైథాన్ తెచ్చుకున్నప్పుడు ఆ ఫైలు దాంతో పాటే వస్తుంది. మీరు ఆర్ఎమ్ కొడితే ఇప్పటికి పోతుంది, ఆ ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయిన రోజు మళ్లీ వస్తుంది. ఆప్ట్ నుంచి పైథాన్ సాధనాలేవీ లేని ఇమేజ్ అయితే తీసేసినా మీకు నష్టం లేదు, నేను ఒట్టేసి చెప్పగలను. ఉంటే మాత్రం మా బ్యాకప్ కథే.

ప్రశ్న: జీపీయూ ఇమేజ్‌లు. మెషీన్ లర్నింగ్ లైబ్రరీ టార్చ్ ముందే గ్లోబల్‌గా ఉంటుంది. వెన్వ్ పెడితే అది కనపడదు, మళ్లీ గిగాబైట్లు దించుకోవాలి.

అక్కడ వెన్వ్ వద్దు. లేదా "సిస్టమ్ సైట్ ప్యాకేజెస్" ఫ్లాగ్‌తో కట్టుకోండి, గ్లోబల్‌వి లోపలికి కనిపిస్తాయి. ఆ ఇమేజ్ తీసుకున్నదే అందులోని టార్చ్ కోసం. మీ భయం వేరే ఉండాలి: మీ రిక్వైర్‌మెంట్స్‌లో ఏదో ఒక ప్యాకేజీ టార్చ్ ఇంకో వెర్షన్ అడుగుతుంది, ఉన్నదాన్ని పిప్ నిశ్శబ్దంగా తీసి, పైథాన్ ప్యాకేజీల భాండాగారం పైపీఐ నుంచి ఇంకోటి పెడుతుంది, ఇమేజ్‌వాళ్లు జతకూర్చిన లైబ్రరీలకీ దీనికీ పొంతన ఉండదు. కన్‌స్ట్రెయింట్స్ ఫైల్ ఒకటి రాసి, టార్చ్ వెర్షన్ అందులో బిగించి, పిప్ కన్‌స్ట్రెయింట్ అనే ఎన్వ్‌తో చూపించండి. అప్పుడు పిప్ మార్చదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆగడమే మనకి కావాలి.

ప్రశ్న: ఇప్పటికే నడుస్తున్న ఇమేజ్‌లో ఇలాంటి కలగాపులగం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

కంటైనర్‌లోకి వెళ్లి పైథాన్‌లో సిస్ డాట్ పాత్ ప్రింట్ చెయ్యండి. యూఎస్ఆర్ లోకల్ డిస్ట్ ప్యాకేజెస్, యూఎస్ఆర్ లిబ్ డిస్ట్ ప్యాకేజెస్ రెండూ కనిపిస్తే, రెండిట్లో ఎల్ఎస్ కొట్టి ఒకే పేరు రెండుచోట్లా ఉందేమో చూడండి. అనుమానమున్న మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి దాని అండర్‌స్కోర్ ఫైల్ ప్రింట్ చేస్తే ఏ పెట్టెలోంచి వచ్చిందో చెప్తుంది. ఆ తర్వాత "పైథాన్ డాష్ ఎమ్ పిప్ చెక్." ఉత్త పిప్ అని కాకుండా పైథాన్ డాష్ ఎమ్ అనడం అలవాటు చేసుకోండి, ఏ పైథాన్‌ని అడుగుతున్నారో తెలుస్తుంది. ఆ కథ తర్వాత మేం మా పాత ఇమేజ్ మీద పిప్ చెక్ నడిపి చూశాం. ఈ లైబ్రరీకి యూఆర్ఎల్‌లిబ్3 1.27 లోపు కావాలి, ఉన్నది రెండో వెర్షన్ అని ఒక్క లైన్‌లో చెప్పింది, ఎగ్జిట్ కోడ్ 1తో. ఇప్పుడది ప్రతి డాకర్‌ఫైల్‌లోనూ ఇన్‌స్టాల్ లైన్ కిందే ఉంటుంది. రాత్రి స్క్రిప్ట్‌లో ఆ డెవ్ నల్ కూడా తీసేశాను.

(నిర్వాహకులు సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు.) బయట కారిడార్‌లో ఉంటాను, డాకర్‌ఫైళ్లు తెచ్చినవాళ్లు రండి.